చింతపిక్కల లెక్క

మా యింట్లో ఒక గాజుసీసా ఉన్నది. దాన్నిండా చింతపిక్కలున్నాయి. ఆ పిక్కలు నావి. నేను తిన్నవి కావు లెండి, అన్నవి!

సంగతి మొదటినుంచీ చెబుతాను. ఆ మధ్య ఒక ఆదివారంనాడు మా శ్రీమతి ఏడాదికి సరిపడా చింతపండు కొని, నడవలో పీట వేసుకుని పిక్కలు తీస్తూ కూర్చున్నది. నేను పక్కనే పడక కుర్చీలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. దిద్దుతూ ఏమేమి అన్నానో నాకు జ్ఞాపకం లేదు. ఆవిడకు ఉన్నది. ఉన్నట్టుండి తలెత్తి, "ఏమండీ, రేపు ఒక్కరోజు మిమ్మల్ని లెక్కపెట్టుకోనా?" అని అడిగింది.

"నన్ను లెక్కపెట్టడానికేముంది? ఒక్కణ్ణేగా!" అన్నాను.

"మిమ్మల్ని కాదండీ, మీ సణుగుళ్లను. సణిగినప్పుడల్లా ఒక పిక్క ఈ సీసాలో వేస్తాను. ఇంట్లో లెక్క నాది, గడప దాటాక మీది. గుప్పెడు పిక్కలు చొక్కా జేబులో పోసుకు వెళ్లండి. సణిగినప్పుడల్లా ఒకటి పాంటు జేబులోకి మార్చండి. పాఠాలు చెప్పేవారు, అబద్ధం ఆడరు గదా!"

ఒప్పుకున్నాను. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. భక్తికవుల పుణ్యమా అని నాలుగు మెతుకులు తింటున్నవాణ్ణి. మహా అయితే అయిదో ఆరో పడతాయనుకున్నాను.

సోమవారం తెల్లవారింది. కొళాయి సన్నగా వచ్చింది: ఒకటి. కాఫీలో చక్కెర తగ్గింది: రెండు. పేపరు కుర్రాడు గోడమీదుగా విసిరిన పేపరు సరాసరి నీళ్ల బక్కెట్లో పడింది: మూడు. ఇస్త్రీ చేసుకుందామనేసరికి కరెంటు పోయింది: నాలుగు. ఇక బస్సుకోసం రోడ్డుమీదికి వచ్చాను. చెన్నైనుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి మా మార్టూరు మీదుగానే పోతుంది. దేశమంతా మా ఊరిమీదుగా ప్రయాణం చేస్తున్నట్టే ఉంటుంది గాని, నేనెక్కవలసిన బస్సు మాత్రం రాదు. గ్రానైటు రాళ్ల లారీలు వరసగా పోతూ మొహాన దుమ్ము కొట్టాయి. వచ్చిన బస్సు ఆగలేదు. ఆగిన బస్సులో సీటు లేదు. క్లాసులో వెనక బెంచీ కుర్రాడు పుస్తకంలో సెల్‌ఫోను దాచి చూస్తున్నాడు. క్యారియరు విప్పితే మళ్లీ దొండకాయ. సాయంకాలం ఎండ తగ్గలేదు. రాత్రి దోమ. ఆ ఒక్క దోమకే రెండు పిక్కలు ఖర్చయినాయి: ఒకటి అది కుట్టినందుకు, రెండవది దోమతెర చిరిగినందుకు.

పడుకోబోయే ముందు లెక్క చూశాం. నలభై ఒకటి!

"అన్యాయం! ఇందులో కొన్ని ఊరికే పైకి అన్న మాటలే!" అన్నాను.

"అదీ వెయ్యమంటారా?" అంటూ శ్రీమతి నలభై రెండో పిక్క చేతిలోకి తీసుకుని, పోనీలే అని మళ్లీ పెట్టేసింది. ఆ తరువాత నవ్వకుండా ఒక మాట అడిగింది. "పొద్దున దేవుడి ముందు నిలబడి, అంతా నీ దయ స్వామీ అని దణ్ణం పెట్టింది మీరే గదా? ఆ దణ్ణానికీ మొదటి పిక్కకూ మధ్య ఎంతసేపయిందో చూసుకున్నారా? కాఫీ కూడా కాగలేదు."

ఆ మాట గుచ్చుకున్నది. నిజమే. దేవుడే ఈ లోకానికి యజమాని అని నేను నోటితో ఒప్పుకుంటాను. కాని కొళాయి దగ్గరికి వచ్చేసరికి ఆ యజమానికి పని చేతకాదని ఫిర్యాదు చేస్తున్నాను. ఆ ఫిర్యాదయినా ఆయనకు చేస్తున్నానా? లేదు. భార్యకు చేస్తున్నాను, బస్సులో పక్కవాడికి చేస్తున్నాను, ఎవరూ దొరక్కపోతే గోడకు చేస్తున్నాను.

మర్నాడు ఆ పిక్కల్ని బల్లమీద పోసి విడదీశాను. నా చేతులతో నేను బాగుచేసుకోగలిగినవి ఆరు తేలాయి. దోమతెర అందులో ఒకటి. సూదీ దారం చాలు. సంబంధించినవాళ్లకు మర్యాదగా చెబితే తీరేవి నాలుగు. పేపరు కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, గేటుకు ఈ సంచీ తగిలించాను, ఇందులో వెయ్యి" అంటే సరిపోతుంది. తక్కిన ముప్ఫై ఒకటీ అటు నావల్లా ఇటు ఇంకొకరివల్లా అయ్యేవి కావు. వాటిని ఏం చెయ్యాలి?

అప్పుడు మా పెదనాన్న జ్ఞాపకం వచ్చాడు.

పెదనాన్న అంటే సొంత పెదనాన్న కాదు, వరసకు. డెబ్భై అయిదు దాటాయి. "నేను మూడు జిల్లాల్లో కాపరం చేశానురా, ఇల్లు మాత్రం మారలేదు" అంటూ ఉంటాడు. వేళాకోళం కాదు. ఆయన పుట్టిననాటికి మా ఊరు గుంటూరు జిల్లా. 1970లో కొత్త జిల్లా వచ్చింది. అదే తరువాత ప్రకాశం అయింది. 2022లో బాపట్ల జిల్లా అయింది. ఊరిపేరు కింద జిల్లా పేరు మార్చి రాసుకోవటానికి నేను నాలుగు రోజులు విసుక్కున్నాను. ఆయన ఒక్క పరిహాసంతో సరిపెట్టాడు.

2023లో ఆయన మూడెకరాల్లో మిరప వేశాడు. ఒక ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు. మిరప సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. నారు, కూలి, ఎరువులు, పురుగు మందులు, అన్నీ కలిసి ఎకరానికి లక్ష దాటుతుంది. అంతకు రెండేళ్లముందు నల్ల తామరపురుగు పడి మిరప తోటలు పూతలోనే పాడయి ఉన్నాయి. ఆ నష్టం పూడ్చుకుందామని మళ్లీ మిరపే వేశాడాయన. డిసెంబరు నాటికి చెట్టు నిండా పూతా పిందే ఉన్నది. ఆ పక్క చేలో పత్తి పగిలి తెల్లగా విచ్చుకున్నది.

డిసెంబరు 5వ తేదీ, మంగళవారం మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు తొంభై, వంద కిలోమీటర్ల గాలి. అంతకుముందు రెండు రోజులుగా వాన. మావి నల్లరేగడి నేలలు. నీళ్లు తాగితే వదలవు. మిరప మొక్క మొదట్లో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. పత్తి చెట్టుమీదే తడిసి ముద్దయింది.

గాలి తగ్గీ తగ్గకముందే పెదనాన్న పార భుజాన వేసుకుని చేలోకి పోయాడు. కొడుకు వెంట వెళ్లాడు. నేనూ వెళ్లాను గాని నా సాయం ఏపాటిదో మీరు ఊహించుకోగలరు. బోదెల మధ్య కాలవలు తీసి నీళ్లను మురుక్కాలవలోకి మళ్లించడం, ఒరిగిన మొక్కకు మట్టి ఎగదోయడం, పొద్దుగూకేదాకా అదే పని. ఆ మర్నాడూ అదే పని. ఆ రెండు రోజుల్లో ఆయన నోట, ఇది పట్టుకో, అది తియ్యి అనే మాటలే గాని ఇంకొక మాట రాలేదు.

రెండో రోజు సాయంకాలం కాళ్లు కడుక్కుని, మా ఊరి రామాలయానికి పోయాడు. నేను వెనకే ఉన్నాను. గుళ్లో ఎవరూ లేరు. ఆయన ధ్వజస్తంభం దగ్గర నిలబడి, పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడాడు. "ఏమయ్యా, నీకిది న్యాయంగా ఉందా? పోయిన పంట పురుక్కిచ్చావు, ఈ పంట నీళ్లకిచ్చావు. కౌలు నువ్వు కడతావా? వడ్డీ నువ్వు కడతావా? చెయ్యగలిగిందంతా చేసి వచ్చాను. ఇక నా చేతుల్లో ఏమీ లేదు. ఆ చేను నీది. చూసుకో." అంతే. దణ్ణం పెట్టి, తీర్థం తీసుకుని బయటికి వచ్చాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు సెంటు భూమి కూడా లేదు! పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి అడిగితే పెద్దమ్మ చెప్పింది: "ఆయనకేం నాయనా, గురకపెట్టి నిద్రపోయాడు."

"పెదనాన్నా, దేవుణ్ణి అన్నేసి మాటలని ఎట్లా నిద్రపట్టింది నీకు?" అని అడిగాను.

"అన్నాను కాబట్టే పట్టింది. నీతో అంటే నువ్వేం చేస్తావు? అయ్యో అంటావు. నేను ఇంకో నలుగురితో అంటాను, వాళ్లూ అయ్యో అంటారు. చేలో నీళ్లు పోతాయా? చేనెవరిదో ఆయన్నడిగాను. అడిగి ఒప్పజెప్పాను. ఒరే అబ్బాయ్, నాకో అలవాటుంది. ఏదన్నా ఏడుపు నోటిదాకా వస్తే, దీన్ని రాముడి ముందర నిలబడి చెప్పగలనా అని చూసుకుంటా. చెప్పగలిగిందైతే పోయి చెబుతా. సిగ్గేసిందనుకో, ఇంట్లో కూడా చెప్పను."

ఇది విని కథ సుఖాంతమవుతుందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కాలేదు. మూడెకరాల్లో ఎకరంన్నర తోట వారం రోజుల్లో నిలువునా వాడిపోయింది. దాన్ని పీకేసి, అదునుపోకుండా శనగ చల్లాడు. పంటనష్టం రాసుకునేవారు వస్తే అందరితో పాటు వరసలో నిలబడి రాయించుకున్నాడు. మిగిలిన మిరప కోసి కళ్లంలో ఆరబోశాడు. ఆ ఏటి అప్పు ఆ ఏడు తీరలేదు. దేవుడిమీద భారం వేస్తే పంట నిలుస్తుందని నేను చెప్పడం లేదు; ఆయనా చెప్పలేదు.

పెదనాన్న మాటలు విన్నప్పుడు నాకు గోలకొండ జ్ఞాపకం వచ్చింది. పిల్లలకు రామదాసు పాఠం చెప్పినప్పుడల్లా ఒక కుర్రాడయినా లేచి అడుగుతాడు: "మాస్టారూ, భక్తుడయి ఉండి రాముణ్ణి అట్లా తిట్టడమేమిటండీ?" అని. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడాడన్న నేరంమీద గోలకొండ కోటలో ఖైదయినాడు. పన్నెండేళ్లని జనశ్రుతి. కోట చూడబోయినవారికి ఆ బందిఖానాను ఈనాటికీ చూపిస్తారు. అక్కడ ఆయన పాడుకున్న పాటల్లో ఒకటి సాక్షాత్తూ జమాఖర్చుల చిట్టా. సీతమ్మకు ఏ నగ చేయించిందీ, తమ్ములకు ఏవి చేయించిందీ, దేనికెంత అయిందీ, అన్నీ వరసగా ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీస్తాడు. తీరా చివరకు వచ్చేసరికి, దెబ్బలకు ఓర్వలేక అన్నాను, ఏమీ అనుకోకు అని బతిమాలుకుంటాడు.

ఇన్నాళ్లూ నేను ఆ కుర్రాళ్లకు, "అది నిందాస్తుతి నాయనా, ఒక ప్రక్రియ" అని జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు వేరే చెబుతున్నాను. రామదాసు ఆ మాటలు కాపలావాడితో అనలేదు, పక్కగదిలో ఖైదీతో అనలేదు. రాముడితోనే అన్నాడు. తనను విడిపించగలవాడు ఆయన ఒక్కడేనని నమ్మకం లేకపోతే, ఆయన్నే అంత గట్టిగా అడగడు. ఇది మొర. నేను రోజంతా చేసేది సణుగుడు. రెండింటిలోనూ బాధ ఉన్నది. మొర వినేవాడున్నాడని నమ్ముతుంది, సణుగుడు నమ్మదు.

రామదాసును ఖైదు చేయించిన సుల్తాను కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అబుల్ హసన్ తానీషా 1672లో గద్దె ఎక్కాడు. అంతకుముందు చాలా ఏళ్లు షా రాజు అనే సూఫీ గురువు దగ్గర ఫకీరులాగా గడిపినవాడు. 1687లో ఔరంగజేబు గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించాడు. కోట లొంగలేదు. చివరకు సెప్టెంబరు నెలలో ఒక రాత్రి లోపలివాడొకడు ద్రోహం చేసి తలుపు తీశాడు. మొగలు సైనికులు అంతఃపురందాకా వచ్చేశారు. అప్పుడు తానీషా ఏం చేశాడో ఖాఫీఖాన్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. తనను బంధించవచ్చిన సేనానిని మర్యాదగా పలకరించి కూర్చోబెట్టాడట. వేళ అయిందని భోజనం తెప్పించుకుని నింపాదిగా తిన్నాడట. "ఈ సమయంలో మీకు అన్నం ఎట్లా దిగుతున్నది?" అని సేనాని ఆశ్చర్యపోయాడు. తన జీవితంలో కొంతకాలం పేదరికం, కొంతకాలం రాజ్యం దేవుడే ఇచ్చాడనీ, ఇప్పుడు వచ్చిందీ ఆయన పంపిందేననీ, కృతజ్ఞతే గాని తనకు ఫిర్యాదు లేదనీ తానీషా జవాబు. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్లూ దౌలతాబాదు కోటలో ఖైదీ.

ఒకే కోట. అందులో ఒక ఖైదీ దేవుణ్ణి కేకలేశాడు. ఆ ఖైదీని బంధించినవాడు, తన వంతు వచ్చినప్పుడు, అన్నం తిని లేచాడు. ఒకరు రాముడన్నారు, ఒకరు అల్లా అన్నారు. ఒకరు అరిచారు, ఒకరు ఊరుకున్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ సణగలేదు! భగవంతుడిమీద భారం వెయ్యడమంటే పళ్లు బిగించి నవ్వుమొహం పెట్టడం కాదని రామదాసువల్ల తెలుస్తుంది. కోరింది దక్కకపోయినా ఆ భారం దించవచ్చునని తానీషావల్ల తెలుస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రాకపోదు. "అయితే మేష్టారూ, అన్యాయం జరిగినా దైవేచ్ఛ అని నోరు మూసుకోమంటారా?" అని. ఈ ప్రశ్న పెదనాన్ననే అడిగాను. 2025 మొదట్లో మిరప ధర పడిపోయినప్పటి మాట ఇది. అంతకుముందు ఏళ్లలో మేలురకం క్వింటాలు ఇరవై వేలు దాటి పలికింది. ఆ ఏడు అందులో సగానికి దిగింది. గుంటూరు యార్డులో రైతులు గొంతెత్తారు. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. పెట్టుబడికి అది చాలదని రైతుల మాట. పెదనాన్న కూడా యార్డుకు వెళ్లి నలుగురితో పాటు మాట్లాడి వచ్చాడు. "మరి దీన్ని రాముడికి చెప్పి ఊరుకోలేదేం?" అన్నాను.

"తుపాను ఆయన పంపాడు, ఆయన్నడిగాను. ధర ఆయన కట్టలేదుగా! కట్టినవాళ్లను అడిగాను" అన్నాడు.

ఇంతకన్న స్పష్టంగా ఏ వ్యాఖ్యానకర్త చెప్పగలడు? మనుషులు చేసిన దానికి మనుషులను అడగాలి. మన చేతిలో ఉన్నదానికి పార పట్టుకోవాలి. రెంటికీ అందనిదాన్ని దేవుడి ముందు పెట్టాలి. సణుగుడు మాత్రం ఈ మూడింటిలో ఏదీ చెయ్యదు. పైగా ఏదో చేశామన్న భ్రమ కలిగిస్తుంది. అందుకనే సణిగేవాడి దోమతెర ఏళ్ల తరబడి చిరిగే ఉంటుంది.

మళ్లీ నా ముప్ఫై ఒక్క పిక్కల దగ్గరికి వస్తాను. మా ఇంట్లో దేవుడి పటం ముందు వాటిని పోసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటే తీసి, పెదనాన్న చెప్పినట్టు, ఇది పైకి చెప్పగలనా అని చూసుకున్నాను. "స్వామీ, దొండకాయ వేపుడు" అనబోతే నాకే నవ్వు వచ్చింది. తీసి పక్కన పెట్టాను. ఎండ, లారీల దుమ్ము, బస్సులో సీటు, కాఫీలో చక్కెర, ఒకదాని తరువాత ఒకటి పక్కకు పోయినాయి. ఆఖరుకు మూడు మిగిలాయి. అవేమిటో ఇక్కడ చెప్పను. ఒకటి మాత్రం ఊళ్లో ఉన్న మా అమ్మ మోకాళ్ల నొప్పులు. రోజూ ఫోనులో ఆమె చెబుతూంటే విసుక్కున్నాను. ఆ విసుగు పిక్కగా సీసాలో పడింది. బాధ ఆమెది, సణుగుడు నాది! ఆ పిక్క చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తరువాత చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. ఆ ఆదివారమే వెళ్లి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ముప్ఫై ఒకటిలో ఇరవై ఎనిమిది ఎందుకూ కొరగానివి. వాటి కిందపడి ఆ మూడూ నాకు కనిపించకుండా పోయినాయి. చిన్న చిన్న చిరాకులతో వచ్చే పెద్ద నష్టం ఇదేనని నాకిప్పుడు తోస్తున్నది. అవి నోటిని ఆక్రమించుకుంటాయి. అసలు మొర పెట్టుకోవలసినది లోపలే ఉండిపోతుంది. తుపాను వచ్చిననాడు భారం దించుకోవడం పెదనాన్నకు చేతనయిందంటే, బస్సు రానినాడు ఊరుకోవడం ఆయనకు ఎన్నడో అలవాటయింది కాబట్టి. ఒక్కసారిగా తుపానుతో మొదలుపెడితే ఎవరికీ చేతకాదు. కాఫీలో చక్కెరతో మొదలుపెట్టాలి.

నేను మారిపోయానని చెప్పుకోను. సీసా ఇంకా నడవలోనే ఉన్నది. నిన్నటి లెక్క పద్నాలుగు. నలభై ఒకటినుంచి పద్నాలుగుకు వచ్చాం గదా అని శ్రీమతి ముందు కాస్త ఛాతీ విరిచాను.

"పదిహేనండీ" అన్నది.

"పద్నాలుగే! రెండుసార్లు లెక్కపెట్టాను."

"ఒకటి నాది లెండి. మీ గొణుగుడు తగ్గి ఇల్లు బోసిపోయినట్టుందని నేనే వేసుకున్నాను!"